పేరు మూసి ఇనుము చూడమన్నారు

నేను కొన్న మొదటి త్సుబాను సెన్సెయ్ (జపాన్ వాళ్ళు గురువును పిలిచే మాట) చేతిలో పెట్టినప్పుడు ఆయన దాని మీదున్న పేరు చదవలేదు. పక్కనున్న చిన్న డబ్బా తెరిచి, కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించిన రాగి రేకు ఒకటి తీసి, సరిగ్గా ఆ పేరు మీద పెట్టి మూశారు. "ఇప్పుడు చెప్పండి, ఇది ఏమిటి?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. అంతవరకూ ఆ వస్తువు గురించి నాకు తెలిసినదంతా ఆ రెండు అక్షరాల్లోనే ఉంది.

త్సుబా అంటే జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఉండే లోహపు బిళ్ళ. పట్టు జారి చెయ్యి అలుగు మీదికి పోకుండా కాపాడుతుంది. పెద్ద కత్తిదైతే ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, అటూ ఇటూగా ఐదు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. నడుమ కత్తి తోక దిగడానికి నిలువుగా ఒక రంధ్రం. దాని పక్కన, ఒరలో దోపుకునే చిన్న చాకు వంటి పరికరాలు దూరడానికి ఒకటో రెండో కన్నాలు. అంతే. అరచేతిలో ఇమిడిపోయే ఆ చోటులోనే జపాన్ కమ్మరులు, కంసాలులు కొన్ని వందల ఏళ్ళపాటు కొంగలను ఎగరేశారు, వానలు కురిపించారు, చెర్రీ పూలు రాల్చారు.

నాకు ఈ పిచ్చి హైదరాబాదులోనే అంటుకుంది. సాలార్ జంగ్ మ్యూజియంలో జపాన్ గది ముందు మా నాన్నగారు నన్ను ఎన్నిసార్లు వెనక్కి లాక్కెళ్ళారో లెక్క లేదు. ఉద్యోగం టోక్యోకు తీసుకొచ్చి, నిషికసాయ్‌లో కాపురం పెట్టాక, సెలవు దొరికితే చాలు పాత వస్తువుల సంతలు తిరగడం అలవాటైంది. అలాంటి ఒక ఆదివారపు సంతలోనే ఆ మొదటి త్సుబా దొరికింది. నాలుగు రేకులుగా విచ్చుకున్న ఆకారం, నల్లని ఇనుము, ముఖం మీద తాబేలు డిప్ప గళ్ళు, రంధ్రం పక్కన 'నొబుయియే' అని పేరు. పాత చెక్క పెట్టె, పెట్టె మూత మీద సిరాతో రాత. అమ్మే వ్యక్తి నలభై ఐదు వేల యెన్‌లు అడిగాడు. బేరం కూడా ఆడకుండా ఇచ్చేశాను.

నొబుయియే పదహారో శతాబ్దపు చివరి కాలం వాడు. ఇనుప త్సుబాలు చేసినవాళ్ళలో కనెయియేతో పాటు మొదట చెప్పుకునే పేరు. లావుపాటి అక్షరాల సంతకం, విడివిడి అక్షరాల సంతకం అని ఆయన పేరుతో రెండు రకాల సంతకాలు కనిపిస్తాయి. కొన్నిటి మీద 'నము మ్యోహో రెంగే క్యో' అనే మంత్రం చెక్కి ఉంటుంది. ఆ 'నము' మన 'నమః' అనీ, అది సద్ధర్మ పుండరీక సూత్రమనే బౌద్ధ గ్రంథానికి నమస్కారమనీ తెలిసిన రోజు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. ఇవన్నీ పుస్తకాల్లో చదివి ఉన్నాను కాబట్టే పేరు చూడగానే కళ్ళు మూసుకుపోయాయి. అతని పేరుతో దొంగ సంతకాలు ఎక్కువ అని కూడా అవే పుస్తకాల్లో ఉంది. ఆ వాక్యం మాత్రం ఆ క్షణంలో గుర్తు రాలేదు.

సెన్సెయ్ డెబ్బై దాటిన మనిషి. కత్తుల సరంజామా మీద నెలకోసారి కూర్చుని చూసే చిన్న బృందం ఒకటి ఉంది, దానికి ఆయన పెద్ద. సహోద్యోగి ఒకరు నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. పేరు మీద పెట్టిన ఆ రాగి రేకును సెప్పా అంటారని ఆ రోజే తెలిసింది. కత్తికి బిగించినప్పుడు త్సుబాకు రెండు వైపులా సెప్పాలు కూర్చుంటాయి. చేసినవాడు పేరు చెక్కేది ఆ సెప్పా కిందికి పోయే చోట. "ఈ కత్తి నడుముకు కట్టుకుని తిరిగినవాడికి కూడా పేరు సరిగా కనిపించదు. మరి మీరు అక్కడే ఎందుకు మొదలుపెట్టారు?" అని ఆయన అడిగారు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది.

తరువాత దీపం దగ్గరకు లాగి, భూతద్దం ఇచ్చి, ముఖం వైపు కాదు, రంధ్రం లోపలి గోడలు చూడమన్నారు. నిమ్మతొక్కలా గరుకుగా ఉంది, నాలుగు గోడలూ ఒకేలా. ఆకురాయి గీతలు లేవు. నిజంగా ఒక కత్తికి బిగించిన త్సుబా అయితే, తోక వదులు కాకుండా రంధ్రం చుట్టూ ఉలితో నొక్కిన గాట్లో, పైనా కిందా కూర్చిన రాగి ముక్కలో ఉంటాయి. ఒక కత్తి నుంచి మరో కత్తికి మారిన ప్రతిసారీ రంధ్రాన్ని కాస్త అరగదీసి ఉంటారు. నా దానిలో అలాంటివేవీ లేవు. అది ఏ కత్తికీ ఎక్కినట్టు లేదు.

ఆ తరువాత ముఖం. తాబేలు గళ్ళ గీతల అడుగు గుండ్రంగా ఉంది. ఉలి దిగిన చోట అడుగు పదునుగా ఉండాలి. ఇనుము పక్కకు జరిగి గీత అంచున సన్నగా పైకి లేవాలి. ఇక్కడ గీతలు మైనంలో వేలితో గీసినట్టున్నాయి. గళ్ళ మధ్య అక్కడక్కడ సూదిమొనంత గుండ్రటి గుంటలు. పోత పోసేటప్పుడు చిక్కుకున్న గాలిబుడగల జాడలవి. సెన్సెయ్ దూది పుల్లను నీళ్ళలో ముంచి ఒక మూల మెల్లగా రుద్దారు. దూది నల్లబడింది, కింద నారింజ రంగు పొడి బయటపడింది. పాత తుప్పు వేరే. అది చాక్లెట్ రంగులో, ఒక్కోసారి ఊదా ఛాయతో, నునుపుగా ఇనుముకు చర్మంలా అంటుకుని ఉంటుంది. రుద్దితే రాలదు, మెరుస్తుంది.

చివరికి సెప్పా తీసి పేరు చూపించారు. ఉలితో చెక్కిన అక్షరంలో ఒక్కో గీత చిన్న చిన్న ముక్కోణపు దెబ్బల వరుస. ఏ వైపు నుంచి మొదలుపెట్టి ఏ వైపు లాగాడో వేలు పెట్టి చెప్పవచ్చు. నా త్సుబా మీది అక్షరాలకు మొదలూ చివరా లేదు. అసలు దాని నుంచి అచ్చు తీసి పోత పోసిన నకలు అది. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది కాబట్టి అలాంటి నకళ్ళు అసలు కన్నా కాస్త చిన్నవిగా కూడా ఉంటాయట.

"పెట్టె మాత్రం పాతదే," అన్నారు ఆయన. పెట్టెలోని మెత్త మీద బట్ట వెలిసిపోయి ఒక గుర్తు పడి ఉంది. అది గుండ్రంగా ఉంది. నా త్సుబాది నాలుగు రేకుల ఆకారం. ఏళ్ళ తరబడి ఆ పెట్టెలో పడుకున్నది వేరే త్సుబా. ఆ గుర్తును నేను కొన్న రోజు నుంచి ఇరవై సార్లు చూసి ఉంటాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయిందని కాదు. నాలుగు నెలలు ఆ ముక్కను ప్రేమగా చూసుకున్నాను, ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు. అది మనసును తొలిచింది.

తరువాత ఏడాదిన్నర ఏమీ కొనలేదు. సెన్సెయ్ పెట్టిన షరతు అది. నెలకోసారి బృందంలో కూర్చోవడం, మిగతా సెలవుల్లో ఉయెనోలోని టోక్యో జాతీయ మ్యూజియం, ఆవొయమాలోని నెజు మ్యూజియం. నెజులో ఉన్న సరంజామా చాలావరకు కోబెకు చెందిన మిత్సుమురా తొషిమో అనే పారిశ్రామికవేత్త పోగు చేసినది. అక్కడ గోతో వంశం వారి పని మొదటిసారి దగ్గరగా చూశాను. పదిహేనో శతాబ్దంలో గోతో యూజో మొదలుపెట్టిన ఆ ఇల్లు పదిహేడు తరాలు నడిచింది. నల్లని నేల మీద బంగారు సింహాలు, డ్రాగన్లు. ఆ నల్లని నేలంతా చేపగుడ్ల వంటి గింజలు. ననకో అంటారు. గొట్టం మొన వంటి ఉలితో ఒక్కో గింజకు ఒక్కో దెబ్బ. మిల్లీమీటరు కూడా లేని గింజలు, వరుస తప్పకుండా వేలకు వేలు. నకళ్ళలో ఈ గింజలు ఒకదానిలో ఒకటి కరిగిపోయి ఉంటాయి. మంచి ననకోను భూతద్దంతో చూస్తే ప్రతి గింజా విడిగా, దాని చుట్టూ సన్నని కందకంతో నిలబడి ఉంటుంది. ఆ వరుసల్లో చెయ్యి కాస్త అలిసిన చోటు కూడా ఒక్కోసారి దొరుకుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ చోటే.

ఆ నలుపు అర్థం కావడానికి మాత్రం నాకు మన బీదరు పని సాయపడింది. మా ఇంట్లో అమ్మ పెళ్ళికి వచ్చిన బిద్రీ పూలకుండీ ఒకటి ఉంది. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తే లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలుస్తుంది. అది పూత కాదు, లోహం తానే నలుపు తిరగడం. జపాన్ వాళ్ళ షకుదో కూడా అంతే. రాగిలో నూటికి కొద్ది పాళ్ళు బంగారం కలుపుతారు. చూడటానికి మామూలు రాగిలాగే ఉంటుంది. ముల్లంగి తురిమిన రసంలో ముంచి, రాగి లవణాలు కలిపిన నీళ్ళలో ఉడికిస్తే కాకి రెక్క వంటి నీలం కలిసిన నలుపు వస్తుంది. ఈ సంగతి బృందంలో చెబితే అందరూ పెన్నులు తీసి బీదరు అనే మాట రాసుకున్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి అమ్మకు ఫోను చేసి పూలకుండీ జాగ్రత్త అని చెప్పాను. షకుదోకూ రంగు పూతకూ తేడా పగటి వెలుగులో అంచుల దగ్గర తెలుస్తుంది. పూత పెచ్చులుగా లేస్తుంది. షకుదో ఎత్తుగా ఉన్న చోట మెల్లగా అరిగి, లోపలి ఎరుపు మబ్బు చాటు వెలుగులా కనిపిస్తుంది.

పట్టుకునే పద్ధతి కూడా నేర్చుకోవలసిందే. గడియారం, ఉంగరాలు తీసి పక్కన పెట్టాలి. ముందు వస్తువుకు తల వంచాలి. బల్ల మీద పరిచిన మెత్తని గుడ్డకు దగ్గరగా, రెండు చేతులతో, అంచులు మాత్రమే పట్టుకోవాలి. దాని మీదుగా మాట్లాడకూడదు, తుంపర పడితే మచ్చ. ఇనుప త్సుబాను వేలాడదీసి తట్టి, ఖంగుమంటే సుత్తితో సాగగొట్టినది, బొద్దుగా మోగితే పోత అని చాలామంది చెబుతారు. సెన్సెయ్ దాన్ని ఒప్పుకోరు. రంధ్రంలో రాగి ముక్కలుంటే మంచి త్సుబా కూడా మూగబోతుంది. "నాలుగు వందల ఏళ్ళ వస్తువును కొట్టి అడగకండి, చూసి అడగండి," అంటారు.

ఒకసారి ఆయన మూడు త్సుబాలు వరుసగా పెట్టి ఏది నకిలీ అని అడిగారు. మొదటిది పేరు లేని పాత ఇనుము. రెండోది కూడా పాతదే, మంచి పని, దాని మీద గొప్ప పేరు. మూడోది కొత్తది, పాత నమూనాను అచ్చంగా అనుసరించి ఈ కాలపు కమ్మరి చేసి తన పేరే చెక్కుకున్నది. నేను మూడోది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. అది ఉత్సుషి, గురువులకు దండం పెట్టి చేసిన పని, అందులో అబద్ధం లేదు. నకిలీ రెండోది. వస్తువు నిజం, పేరు దొంగది. దాన్నే గిమెయి అంటారు. 1876లో కత్తి ధరించి తిరగడాన్ని జపాన్ ప్రభుత్వం నిషేధించాక, ఈ సరంజామా ఎంతో విదేశాలకు తరలిపోయింది. కొనేవారికి పేరు కావాలి, పేరు లేని మంచి పనికి పేరు తగిలించారు. అంతకు ముందు కూడా ఆ అలవాటు లేకపోలేదు. పాత ఇనుము మీద తరువాత చెక్కిన పేరు పట్టుకోవాలంటే, అక్షరం అడుగున తుప్పు రంగు చూడాలి. చుట్టూ ఉన్న ఇనుము సెప్పా రాపిడికి అరిగి నునుపెక్కి, అక్షరం అంచులు మాత్రం చురుగ్గా ఉంటే ఆ రెండూ ఒక కాలానివి కావు. ఆ రెండో త్సుబాను చూస్తే నాకు బాధ వేసింది. చేసినవాడు తన పేరు రాసుకోలేదు. వచ్చినవాడెవడో అతని పనిని ఇంకొకరి ఖాతాలో వేశాడు.

ఏడాదిన్నర తరువాత ఒక వాన సాయంత్రం, ఇరుకు సందులోని చిన్న దుకాణంలో ఒక త్సుబా కనిపించింది. గుండ్రటిది, ఇనుము, పేరు లేదు. ఆకుల మీది మంచు బరువుకు వంగిన వెదురు, నేపథ్యమంతా కోసి తీసేసి, బొమ్మను మాత్రం నిలిపిన సుకాషి పని. అంచు గుండ్రంగా, చేతికి మెత్తగా తగిలింది. ఈసారి ముఖం జోలికి పోకుండా నేరుగా కోతల లోపలి గోడలు చూశాను. గోడ నడుమ, చుట్టూతా, ఒక సన్నని గీత. రెండు అచ్చులు కలిసిన చోట పోత వస్తువుల మీద పడే అతుకు గీత నాకు బాగా తెలుసు. కింద పెట్టేసి, గొడుగు తీసుకుని వచ్చేశాను. మోసపోలేదని దారి పొడవునా సంతోషం.

తరువాతి సమావేశంలో ఈ సంగతి చెప్పాను. సెన్సెయ్ టీ కప్పు కింద పెట్టి, "గీత పైకి ఉందా, లోపలికి ఉందా?" అని అడిగారు. నేను చూడలేదు. "తిన్నగా ఉందా, వంకర పోయిందా?" చూడలేదు. ఆయన కాగితం మీద రెండు బొమ్మలు గీశారు. పోత అతుకు గోడ మీద కట్టలా పైకి లేచి, నడుమ తిన్నగా పోతుంది. ఆకురాయితో అరగదీసినా ఎక్కడో ఒక మూల మిగులుతుంది. ఇక రెండో బొమ్మ. పొరలుగా పేర్చి కొలిమిలో కాల్చి, సమ్మెటతో ఒకటిగా కొట్టిన ఇనుములో, రెండు పొరలు కలిసిన చోట తుప్పు కాలక్రమంలో ఎక్కువగా తింటుంది. అక్కడ గీత లోపలికి పోతుంది. ఒకచోట సన్నబడి, ఒకచోట తెరుచుకుని, కాస్త పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ఎదో (ఇప్పటి టోక్యో) లోని అకసాకాలో పదిహేడో శతాబ్దంలో పని మొదలుపెట్టిన తదమసా, ఆయన తరువాతివాళ్ళు ఇలా పొరల ఇనుముతో చేసేవారని చెబుతారు. ఆ తొలి తరాల వాళ్ళు తమ పని మీద పేరు చెక్కినది అరుదు.

మరుసటి రోజే సెలవు పెట్టి వెళ్ళాను. త్సుబా అక్కడే ఉంది. దుకాణదారుడి అనుమతి అడిగి, వెదురు పంటిపుల్ల మొనతో గోడ మీద అడ్డంగా మెల్లగా జరిపాను. కట్ట తగిలితే పుల్ల ఆగాలి. ఆగలేదు. ఒక చోట దిగింది, వెంట్రుకవాసి లోతు. ఇంకో కోతలో ప్రయత్నించాను. అక్కడా దిగింది, కానీ గీత కాస్త కిందికి జారి ఉంది. వేళ్ళు వణికాయి. రంధ్రం పైనా కిందా రాగి ముక్కలు, ఒకటి పాతది, ఒకటి కొంచెం కొత్తది. చుట్టూ ఉలి గాట్లు. ఇది కనీసం రెండు కత్తులు మారింది. అరవై వేల యెన్‌లు ఇచ్చి తీసుకున్నాను.

ఒక వైపు ఎర్రని తుప్పు మచ్చ ఉంది. ఇనుప బ్రష్షు, ఆమ్లం, సాన ఏదీ తాకకూడదు. జింక కొమ్ము ముక్కను మొనగా చేసి, తుప్పు ఎత్తుగా ఉన్న చోట మాత్రమే గీకి, తరువాత నూలు గుడ్డతో తుడవాలి. కొమ్ము ఇనుము కన్నా మెత్తన, ఎర్రటి పొడి తుప్పు కన్నా గట్టి. రోజూ రాత్రి భోజనం తరువాత పదిహేను నిమిషాలు. అయిదు నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు గుడ్డ ఎర్రబడేది, తరువాత గోధుమ రంగు, తరువాత ఏమీ అంటలేదు. ఒక రాత్రి మచ్చ ఉన్న చోట దీపం వెలుగు మెత్తగా జారింది.

అప్పుడు సెన్సెయ్ పరీక్షకు ఇవ్వమన్నారు. నిహోన్ బిజుత్సు తోకెన్ హోజోన్ క్యోకాయ్ అనే సంస్థ 1948లో ఏర్పడింది. జపాన్ కత్తులకు, సరంజామాకు నిపుణుల చేత పరీక్ష చేయించి ధ్రువపత్రాలు ఇస్తుంది. ఇప్పుడున్న వరుస, కింది నుంచి పైకి, హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో. 2018 నుంచి వాళ్ళ కత్తుల మ్యూజియం ర్యోగోకులో, పాత యసుదా తోట పక్కన ఉంది. అలుగుకైతే స్థానిక విద్యా మండలి ఇచ్చే నమోదు పత్రం ఉండి తీరాలి. త్సుబాకు అక్కర లేదు, అందుకే నూలు గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని రైల్లో వెళ్ళిపోయాను. దొంగ పేరు ఉన్న వస్తువుకు ధ్రువపత్రం రాదు. పేరు లేనిదైతే పనిని చూసి ఏ సంప్రదాయమో నిర్ణయిస్తారు. ఫారం నింపి, వస్తువు అప్పగించి, రసీదు తీసుకుని బయటికి వచ్చాను. తోటలో చెరువు గట్టున కాసేపు కూర్చున్నాను. జేబు తేలికగా, మనసు బరువుగా ఉంది. ఫలితం రావడానికి వారాలు పట్టింది. ఆ వారాల్లో రాత్రి భోజనం తరువాత చేతులకు ఏమీ తోచేది కాదు.

హోజోన్ వచ్చింది. పత్రం మీద త్సుబా ఫోటో, పక్కన రాత: పేరు లేదు, అకసాకా.

ఆ ఆదివారం పత్రాన్ని, త్సుబాను తీసుకుని సెన్సెయ్ ఇంటికి వెళ్ళాను. ఆయన పత్రం చదివి, సంతోషంగా తల ఊపి, మడిచి నా సంచి పక్కన పెట్టారు. త్సుబాను తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళి, అంచును వెలుగుకు తిప్పుతూ చాలాసేపు చూశారు. "అకసాకా. సరే. ఏ తరం?" అన్నారు. నేను అంచు గుండ్రదనం గురించి ఒక మాట, సెప్పా కూర్చునే చోటు కొస కాస్త మొనదేలి ఉండటం గురించి ఒక మాట చెప్పాను. ఆయన అవునని గానీ కాదని గానీ అనలేదు. లోపలి గదిలోకి వెళ్ళి, పట్టుగుడ్డలో చుట్టిన తన అకసాకా త్సుబాను తెచ్చి, నా దాని పక్కన పెట్టి, భూతద్దం నా చేతికిచ్చారు. దాని కోతల గోడల్లోనూ ఆ గీత ఉంది. నా దానికన్నా సన్నగా, కొన్ని చోట్ల పూర్తిగా మాయమై, మళ్ళీ మొదలవుతూ ఉంది. వెలుగు తగ్గేవరకూ ఆ రెండు గీతలనే చూస్తూ కూర్చున్నాం.